టార్గెట్ పెట్టి స్వచ్ఛందమా?

పేద కుటుంబాలకు సంపన్నులు చేయూతనిచ్చే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం పీ4లో ఎవరిపైనా బలవంతం లేదని, ఆ కుటుంబాలను దత్తత తీసుకునే ‘మార్గదర్శి’గా చేరడం పూర్తిగా స్వచ్ఛందమని రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. అదే నిజమైతే, ‘బంగారు కుటుంబాలు’గా గుర్తించిన పేద కుటుంబాలను దత్తత తీసుకోమని అధికారులు ఒత్తిడి చేస్తున్నారంటూ ఉపాధ్యాయ సంఘాలు ఎందుకు గొంతెత్తాల్సి వచ్చింది? పైనున్న పది శాతం మంది అట్టడుగు ఇరవై శాతానికి ఆసరా కావాలన్న ఆలోచనతో మాకు పేచీ లేదు. నాగాయలంకలోనో కోడూరులోనో కూలి కుటుంబంలో పుట్టిన పిల్లకు పదో తరగతి తర్వాత ఏం చదవాలో చెప్పే పెద్దదిక్కు దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది? అంత మంచి పనిని అబద్ధంతో మొదలుపెట్టడమే సహించరానిది.

కాదనే వీలున్నప్పుడే ఇష్టం అనే మాటకు అర్థం. సెలవు, బదిలీ, పదోన్నతి ఏ అధికారి చేతిలో ఉన్నాయో ఆ అధికారే వచ్చి ‘మీ ఇష్టం’ అంటే, ఎదురుగా నిలబడ్డ పంతులుకు మిగిలే ఇష్టం ఎంత? 2025 ఆగస్టు 15 నాటికి 15 లక్షల కుటుంబాల దత్తత అని లక్ష్యం పెట్టింది ప్రభుత్వమే. అంకె, తేదీ రెండూ పైనుంచి వచ్చాక అవి జిల్లాకు, మండలానికి, చివరకు మనిషికి ఇంత అని వాటాలుగా దిగక మానవు. ఒత్తిడికి రుజువుగా లిఖితపూర్వక ఉత్తర్వు చూపించండి అని ఉపాధ్యాయులను అడగడం మరీ అన్యాయం. కాగితం మీద పెట్టడానికి జంకే ఆదేశాలే మన కార్యాలయాల్లో నోటిమాటగా నడుస్తాయని అందరికీ తెలుసు. పైగా విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదు. మార్గదర్శిగా ఉండటం విధి కాదు, బడివేళల తర్వాత చేసే సేవ అని సర్దిచెప్పవచ్చు. సేవే అయితే ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అన్న ఆరా శాఖకు ఎందుకు? పల్లె పిల్లలకు మార్గదర్శులుగా ఉండమనే కదా వాళ్లకు జీతమిస్తున్నది! ఆ పని చేయడానికి తీరిక ఇవ్వకుండా, అదే పనికి జేబులోంచి డబ్బు తీయమనడం ఏం న్యాయం?

లక్ష్యం లేకపోతే ఎవరూ కదలరని కొందరి వాదన. కదిలేది జాబితా మాత్రమే. నష్టపోయేది పిల్లలు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ జతచేసిన పిల్లలను, పెద్దలను గమనించిన పరిశోధకులు గ్రాస్‌మన్, రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించాలి. ఏడాది, ఆపైన నిలిచిన జతల్లో పిల్లలు బాగా లాభపడ్డారు. మూడు నెలలు తిరగకుండానే పెద్దలు తప్పుకున్న చోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవమే తగ్గింది. గడువు కోసం పేరు రాయించుకున్నవాడు గడువు దాటాక ఎన్నాళ్లుంటాడు? ఒక పెద్దమనిషి వచ్చి నీకు నేనున్నానని చెప్పి మాయమైతే ఆ పసిమనసు ఏమనుకుంటుంది? తన వల్లే వెళ్లిపోయాడనుకుంటుంది. ఇందుకు భిన్నంగా, ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా పల్లెల్లో ప్రథమ్ సంస్థ శిక్షణ ఇచ్చిన స్థానిక యువకులు జీతం లేకుండానే చదువు చెబితే, ఆ తరగతులకు వచ్చిన పిల్లలు చదవడంలో స్పష్టంగా మెరుగుపడ్డారు. అక్కడ పనిచేసింది ఇష్టం, శిక్షణ.

అంత దూరం పోనక్కర్లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఏ కలెక్టరు ఉత్తర్వుతోనూ కాదు. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ చేరింది ఎవరి లక్ష్యం కోసమూ కాదు. ఈ కృష్ణా డెల్టాకు స్వచ్ఛంద సేవ అంటే ఏమిటో ఒకరు నేర్పాల్సిన పనిలేదు.

ఉపాధ్యాయులెవరూ మార్గదర్శులుగా చేరనక్కర్లేదని, చేరనివారి వివరాలు అడిగిన అధికారిపై చర్య తప్పదని ప్రభుత్వం వెంటనే లిఖితపూర్వకంగా ప్రకటించాలి. పిల్లల బాధ్యత తీసుకునేవారి పూర్వాపరాలు విచారించి, శిక్షణ ఇచ్చి, కనీసం ఏడాది ఉంటామన్న వారినే తీసుకోవాలి. అప్పుడు 15 లక్షలకు బదులు 15 వేల కుటుంబాలకే మార్గదర్శులు దొరికితే, ఆ 15 వేలే ప్రజలకు చెప్పాలి.