మొక్కలో దేవుడుంచిన కావలి



మిరప తోటలో బొబ్బర తెగులు కనబడిన వారము ఆ యింట అన్నము సహించదు. ఆకులు ముడుచుకొని, మొక్క గిడసబారి, పూత రాలిపోతూంటే, పెట్టుబడికి తెచ్చిన అప్పు కళ్ళముందు నిలుస్తుంది. ఒకరు దిష్టి తగిలిందంటారు. ఒకరు మందుల దుకాణానికి పొమ్మంటారు. సంఘములోనే కొందరు, వాళ్ళు దశమభాగము ఎగవేశారు గనుక దేవుడు కొట్టాడని గుసగుసలాడుతారు. ఈ చివరి మాటే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని అడిగిన శిష్యులకు ప్రభువు ఏమి జవాబిచ్చెనో యోహాను సువార్త 9వ అధ్యాయము తీసి చదువుకొనండి. మిరపకు వచ్చే వైరస్‌లలో ఒకదానిని తెల్లదోమ, మరొకదానిని పేనుబంక మోసుకొస్తాయి. అవి దశమభాగపు లెక్కలు చూచుకొని వాలవు.

ఇంతకూ వైరస్ అంటే ఏమిటి? అది పురుగు కాదు, బూజు కాదు. మాంసకృత్తుల గుల్లలో చుట్టిపెట్టిన ఒక చీటీ వంటిది. తనవంటివాటిని తయారుచేయుమనే ఆజ్ఞ మాత్రము ఆ చీటీలో ఉంటుంది. మొక్క కణములోనికి అది దూరితే, పాపము ఆ కణమే తన సరుకుతో దానికి లెక్కలేనన్ని నకళ్ళు తీసిపెడుతుంది. అందుచేతనే లోపల చేరిన వైరస్‌ను చంపే మందు దుకాణములో దొరకదు. మనము కొట్టే మందు పురుగును చంపుతుందేమో గాని తెగులు సోకిన మొక్కను బాగుచేయదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు అప్పు మీద అప్పు చేస్తున్నవో చూస్తూనే ఉన్నాము.

అయితే మొక్క చేతులు ముడుచుకొని కూర్చోదు. ఈ సంగతులలో చాలా భాగము శాస్త్రజ్ఞులు పొగాకు మొక్క మీదనే నేర్చుకొన్నారు. (పొగ త్రాగుటను నేను సమర్థిస్తున్నానని ఎవరూ అనుకొనవద్దు.) పొగాకులో రోత పుట్టించే మొజాయిక్ తెగులును పరిశీలించి, దాని కారకము సూక్ష్మక్రిమి కాదు, మరేదో అని 1898లో హాలండ్ దేశస్థుడు బైయరింక్ తేల్చిచెప్పాడు. తరువాత 1938లో హోమ్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు అడవి పొగాకు జాతి నుండి ఒక గుణమును సాగు పొగాకులోనికి సంకరము చేశాడు. ఆ గుణము గల మొక్కలో వైరస్ దిగిన చోట చుట్టూ ఉన్న కణములు తామే చచ్చిపోతాయి. ఊరికి నిప్పంటుకొనకుండా నడుమనున్న పాకను పీకివేసినట్లన్నమాట. ఆకు మీద ఎండిన చిన్న మచ్చ మిగులుతుంది, మొక్క బ్రతుకుతుంది. ఆ మచ్చ తెగులు గెలిచిన గుర్తు కాదు, ఓడిన గుర్తు.

అంతటితో అయిపోదు. ఒక ఆకుకు దెబ్బ తగిలితే మిగతా ఆకులు కూడ జాగ్రత్తపడతాయని 1961లో రాస్ అనే ఆయన చూపించాడు. నొప్పుల బామ్‌లో ఘాటుగా ఉండే వింటర్‌గ్రీన్ వాసన ఎరుగుదురు గదా! తెగులు సోకిన పొగాకు మొక్క ఆ వాసన గల పదార్థాన్నే గాలిలోనికి వదులుతుందనీ, దానిని పీల్చిన పొరుగు మొక్క తన రక్షణను మేల్కొలుపుకొంటుందనీ 1997లో తెలిసింది.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది మూడవ కావలి. 1928లో అమెరికాలో వింగార్డ్ అనే పరిశోధకుడు ఒక వింత గమనించాడు. వలయాల మచ్చల వైరస్ సోకిన పొగాకు మొక్కకు క్రింది ఆకులన్నీ పాడైనవి, కాని పైన వచ్చిన చిగురు శుభ్రముగా ఉన్నది. ఆ చిగురుకు మరల అదే వైరస్ పూసినా తెగులు రాలేదు. ఎందుచేత? దానికి జవాబు దొరకడానికి 70 ఏళ్ళు పట్టింది.

పంటలకు వచ్చే వైరస్‌లలో ఎక్కువ వాటి చీటీ ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థముతో చేసినది. అది నకలు తీయించుకొనేటప్పుడు రెండు పోగులు పెనవేసుకొని పొడవైన జంట పోగు అవుతుంది. అటువంటి జంట పోగు కనబడితే మొక్క దానిని దొంగగా గుర్తుపట్టి, కత్తెరవంటి ఒక మాంసకృత్తుతో 21 నుండి 24 అక్షరాలంత చిన్న ముక్కలుగా కత్తిరిస్తుంది. ఆ ముక్కలను పారవేయదు. పోలీసు స్టేషనులో దొంగ ఫోటో పెట్టుకొన్నట్లు వాటిని మరొక మాంసకృత్తుకు అప్పగిస్తుంది. అది ఆ ముక్కకు సరిపోయే చీటీ ఎక్కడ కనబడినా నరికివేస్తుంది. ఈ ముక్కలు కణము నుండి కణమునకు, రసము పారే నాళాల గుండా చిగురు వరకు ప్రయాణము చేస్తాయి. శత్రువు రాకముందే అతని గుర్తులు చిగురుకు చేరినవి! 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బౌల్‌కోంబ్ అను ఇద్దరు ఈ చిన్న ముక్కలను మొక్కలలో కనుగొన్నారు.

ఎండ సంగతి కూడ చెప్పాలి. హోమ్స్ తెచ్చిన గుణము 28 డిగ్రీల వేడి దాటితే పని చేయదు. కత్తిరించే కావలి మాత్రము చలిలో మందగించి, వేడిలో చురుకవుతుందని 2003లో బయటపడింది. ఒక కావలివాడు కునికినప్పుడు మరొకడు మేల్కొని ఉండునట్లు సృష్టికర్త ఏర్పాటు చేశాడని నేను తలంచుకొంటాను.

మరి ఇన్ని కావలులుంటే తోటలు ఎందుకు పాడవుతున్నవి? వైరస్ కూడ ఊరుకోదు గనుక. మిరపకు సోకే కుకుంబర్ మొజాయిక్ వైరస్ తనతోపాటు ఒక మాంసకృత్తును తెచ్చుకొని ఆ కత్తిరింపు పనికే అడ్డుపడుతుంది. మొక్క లేతగా ఉన్నప్పుడు, పురుగులు అనేకము ఒకేసారి వాలినప్పుడు, కావలి ఓడిపోతుంది.

2000 సంవత్సరములో అనంతపురము జిల్లాలో జరిగినది పెద్దలు మరచిపోలేదు. వేరుశనగకు కాండం కుళ్ళు తెగులు వచ్చి సుమారు 2,25,000 హెక్టార్ల పంట దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. ఆ వైరస్ దాగియున్నది వయ్యారిభామలో. ఆ కలుపు మొక్కకు తెగులు లక్షణమే కనబడదు, పచ్చగా నవ్వుతూ ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకొని వేరుశనగ మీదికి వస్తుంది.

కాబట్టి మొక్క కావలికి మనము చేయగల సహాయము శత్రువుల సంఖ్యను తగ్గించుటే. నారుమడి మీద సన్నని వల కప్పండి. మిరప చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని వేయండి. తెగులు సోకిన మొక్కను మొదట్లోనే పీకి దూరముగా పూడ్చండి, దానిని చూచి జాలిపడవద్దు. తట్టుకొనే వంగడాల కోసము విత్తుటకు ముందే వ్యవసాయాధికారిని అడగండి. వయ్యారిభామను పూతకు రాకముందే తీసివేయాలి. గట్ల మీద, బాటల ప్రక్కన, చాలా ఊళ్ళలో మన మందిర ఆవరణలో కూడ అది పెరుగుతున్నది. యౌవనస్థులు ఒక శనివారము ఉదయము కూడుకొంటే ఆవరణ శుభ్రమవుతుంది. ఒంటికి తగిలితే దురద పుట్టించే మొక్క గనుక చేతులకు గుడ్డ చుట్టుకొని పీకండి.