పరాయి ఇంట ఒక సంవత్సరం

భూమండలమంతా ఒకే కుటుంబమని చెప్పే సంస్కృత శ్లోకం నేడు సభావేదికల మీదా, పాఠశాలల గోడల మీదా తరచుగా దర్శనమిస్తుంది. అది మహోపనిషత్తులో ఉన్నది; హితోపదేశంలోనూ ఉన్నది. అయితే హితోపదేశంలో దానిని పలికినది ఋషి కాదు, నక్క. లేడి మాంసానికి ఆశపడిన నక్క దానితో స్నేహం నటిస్తుంది. కులశీలాలు తెలియనివారికి చోటివ్వరాదని లేడి మిత్రుడైన కాకి హెచ్చరించగా, నక్క ఈ ధర్మపన్నాలు వల్లిస్తుంది. నమ్మిన లేడి వలలో చిక్కుకుంటుంది. చివరకు దానిని కాపాడినది కాకి ఉపాయమే.

విశ్వపౌరసత్వాన్ని గూర్చి ఎవరైనా మాట్లాడగలరని ఆ కథ వల్ల తెలుస్తుంది. ఆ మాటకు పరీక్ష ఉపన్యాసంలో లేదు. ఒకే కప్పు కింద కలిసి బ్రతకడంలో ఉన్నది. విద్యార్థుల మార్పిడి పథకాల విలువ కూడా అక్కడే ఉన్నది.

ఈ పథకాలలో పేరుపొందిన ఒకటి యుద్ధభూమిలో పుట్టింది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు, పారిస్‌లోని అమెరికన్ ఆసుపత్రి కోసం కొందరు అమెరికా యువకులు స్వచ్ఛందంగా అంబులెన్సులు నడిపారు. మరుసటి ఏడు పయాట్ ఆండ్రూ నాయకత్వంలో వారి సేవ 'అమెరికన్ ఫీల్డ్ సర్వీస్' అనే సంస్థగా రూపొందింది. రెండవ ప్రపంచయుద్ధంలోనూ ఆ సంస్థ వాహనాలు క్షతగాత్రులను మోశాయి. భారతదేశపు ఈశాన్య సరిహద్దున, బర్మా రణరంగంలో సైతం తిరిగాయి. యుద్ధం ముగిసిన పిమ్మట ఆ వాహనచోదకులు, గాయాలు కలగకముందే చేయదగిన పనిని గురించి యోచించారు. స్టీఫెన్ గలాటి నేతృత్వంలో 1947లో 52 మంది విదేశీ విద్యార్థులు అమెరికాకు వచ్చారు. కొద్ది సంవత్సరాలకే, నిన్నటి శత్రుదేశమైన జర్మనీ పిల్లలు కూడా అమెరికన్ కుటుంబాలలో భోజనాలకు కూర్చున్నారు.

ఆ పద్ధతి సులభమైనది కాదు. తిథి నియమం లేక వచ్చేవాడు అతిథి. ఇక్కడ విద్యార్థి అతిథి కాడు. ఒక విద్యాసంవత్సరం ఆ ఇంటి బిడ్డ. ప్రతిఫలం ఆశించకుండా ఇంట ఉంచుకున్నవారి నియమాలను అతడు పాటించాలి. తన ఇంట కంచం ఎత్తి ఎరుగని పిల్లవాడు అక్కడ అందరి గిన్నెలూ కడగవలసి రావచ్చు. అది చిన్న కష్టం. మీ దేశంలో కులమంటే ఏమిటని సహాధ్యాయి అడిగినప్పుడు ఏమి చెప్పాలి? పుట్టినది మొదలు చూస్తున్నదే అయినా, దానికి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం అతనికి అంతకుముందు కలిగి ఉండదు. దాచితే అసత్యం, సమర్థిస్తే సిగ్గు. పరదేశాన్ని తెలుసుకోవడానికి వెళ్ళినవాడు స్వదేశాన్ని ఎరుగుట అంటే ఇదే.

పదిరోజుల విహారయాత్రకు ఈ పేరు తగిలించి, చివర ఒక ప్రశంసాపత్రం చేతికిచ్చే వ్యాపారం వేరు. దానిని గురించి చెప్పవలసినది హితోపదేశమే చెప్పింది.

అసలు లోపం మరొకటి ఉన్నది. ఏడాదిపాటు విదేశంలో చదవడానికి అయ్యే వ్యయం సామాన్య కుటుంబాలకు అందదు. 2001 నాటి ఉగ్రవాద దాడుల అనంతరం, 2002లో అమెరికా ప్రభుత్వం నెలకొల్పిన 'యూత్ ఎక్స్చేంజ్ అండ్ స్టడీ' వంటి ఉపకారవేతన పథకాలలో భారతీయ విద్యార్థులు పాల్గొన్నారు. కాని అట్టి అవకాశం పొందేవారు కొద్దిమంది. పైగా మనవారికి పిల్లలను పంపడంలో ఉన్న ఉత్సాహం, పరాయి బిడ్డను ఏడాదిపాటు ఇంట ఉంచుకోవడంలో కనిపించదు. ఇచ్చిపుచ్చుకోనిది మార్పిడి ఎలా అవుతుంది?

ఈ విషయంలో జవహర్ నవోదయ విద్యాలయాల ఏర్పాటు గమనించదగినది. గ్రామీణ విద్యార్థుల కోసం నెలకొన్న ఈ ఆశ్రమ పాఠశాలలలో, తొమ్మిదవ తరగతి పిల్లలలో సుమారు 30 శాతం మందిని ఒక సంవత్సరం పాటు వేరొక భాషా ప్రాంతపు విద్యాలయానికి పంపే పద్ధతి ఉన్నది. దానికి పాస్‌పోర్టు అక్కరలేదు. తల్లిదండ్రులు లక్షలు కూడబెట్టనక్కరలేదు. రైతుకూలీ కుమారుడు సైతం హిందీ ప్రాంతానికి వెళ్ళి, రొట్టెలకు అలవాటుపడి, తన భాష ఎరుగని మిత్రుని పక్కన పడుకొని, ఇంటి మీది బెంగను అరకొర హిందీలో చెప్పుకుంటాడు. అదే సమయంలో అక్కడి బాలుడొకడు ఇక్కడి భోజనశాలలో గోంగూర పచ్చడి రుచి చూస్తూ, తెలుగు అక్షరాలు దిద్దుకుంటూ ఉంటాడు.