కాకా ఆ రోజు చనిపోలేదు

మా కాకా ముచ్చట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: "పాపం, పరంజా మీంచి పడ్డ రోజే పోయిండు. ఆ తర్వాత ఉన్నది ఆ మనిషి కాదు." జాలితోనే అంటారు. ఆ జాలి మాకొద్దు. పడ్డ తర్వాత కాకా 9 ఏళ్లు బతికాడు. ఆ 9 ఏళ్లను లెక్కలోంచి కొట్టేసే హక్కు ఎవరికీ లేదు.

మాది గోపన్‌పల్లి తండా, శేరిలింగంపల్లి మండలం. ఒక పక్క సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకో పక్క ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక అద్దాల భవనాలు ఏడాదికింత చొప్పున మా వైపు జరుగుతూ వచ్చాయి. వాటికి ఇటుకలు మోసింది, సెంట్రింగ్ కొట్టింది, గేటు దగ్గర నిలబడింది మావంటి వాళ్లే. 2024లో మా తండా చౌరస్తా మీద ఫ్లైఓవర్ కూడా తెరిచారు. ఏ భవనం మీంచి ఏ కూలీ పడ్డాడో మాత్రం ఎక్కడా రాసి లేదు.

కాకా పడ్డది రెండో అంతస్తు నుంచి. కాళ్లూ చేతులూ విరగలేదు. తలకు కుట్లు వేసి, కొన్నాళ్లు ఉంచుకుని ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపారు. కుట్లు మానాయి, జుట్టు పెరిగింది, చూసేవాళ్లకు గాయం కనపడలేదు. గాయం లోపల ఉంది. మెదడు ముందుభాగం దెబ్బతింటే కోపానికి కళ్లెం ఉండదు, ఏ పని ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. చిన్నమెదడు దెబ్బతింటే నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. తలకు గట్టి దెబ్బ తగిలిన కొందరికి వాసనే తెలియకుండా పోతుంది. ఇవన్నీ కాకాకు వచ్చాయి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఇవేవీ లేవు. మందుల పేర్లున్నాయి, అవీ ఇంగ్లిష్‌లో. మా గోర్‌బోలీ సంగతి సరే, తెలుగులో కూడా కాకీని కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

తూలే నడకకు, ముద్ద మాటకు లోకం దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉంది: తాగుబోతు. ఆ మనిషి లంబాడా అయితే ఇక విచారణే అక్కర్లేదు. పడ్డ తర్వాత కాకా సారా చుక్క ముట్టలేదు. అయినా బస్సు దింపేశారు, కొట్టు మెట్లు ఎక్కనివ్వలేదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్త జాతుల చట్టం పుట్టుకను చూసి తీర్పు చెప్పేది. ఆ చట్టం 1952లో రద్దయింది, ఆ చూపు రద్దు కాలేదు. తండాలోనూ కొందరు గాలి సోకిందన్నారు, మేకను కోయమన్నారు. దెబ్బ తగిలింది మెదడుకు అని ఇంటింటికీ చెప్పుకుంటూ తిరిగాం.

ఇక చట్టాల సంగతి. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. వేళ్లకు అంకెలున్నాయి, మెదడుకు లేదు. దాన్ని డాక్టరు లెక్కగట్టాలి. లెక్కగట్టించేది ఎవరు? పనికి వచ్చినట్టు చిట్టీ కూడా ఇవ్వని మేస్త్రీయా? 1996లో భవన నిర్మాణ కార్మికులకు సంక్షేమ చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు కార్మికుల కోసం వసూలవుతుంది. అందులోంచి రూపాయి రావాలంటే కార్డుండాలి. పనిలో పెట్టుకున్నవాళ్లు ఆ కార్డు ఊసే ఎత్తలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాలను 21 చేసింది. మంచిదే. కానీ ప్రమాదంలో దెబ్బతిన్న మెదడుకు ఆ 21లో సొంత పేరు లేదు. కదలిక లోపమో, మాట లోపమో, మానసిక అనారోగ్యమో, ఏదో ఒక గడిలో ఇరుక్కోవాలి. 40 శాతం దాటాలి. శిబిరంలో చెయ్యి ఎత్తమన్నారు, ఎత్తాడు. నడవమన్నారు, నడిచాడు. పేరు అడిగారు, చెప్పాడు. శాతం సరిపోలేదన్నారు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయే మనిషిని, అవి మాడినా వాసన తెలియని మనిషిని ఏ కొలబద్దతో కొలిచినట్టు?

వైద్య పుస్తకాల్లో ఒక కూలీల మేస్త్రీ కథ ఉంటుంది. ఫినియాస్ గేజ్. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు దారి కోసం బండలు పేలుస్తుంటే ఇనుప కడ్డీ అతని చెంపలోంచి దూరి నడినెత్తిన బయటపడింది. బతికాడు గానీ మునుపటి మనిషి కాదని డాక్టరు రాశాడు, అదే లోకానికి గుర్తుండిపోయింది. ఆ తర్వాత అతను చిలీ దేశం పోయి ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలి బతికాడన్నది ఎందరికి తెలుసు? పుర్రెను మ్యూజియంలో పెట్టారు, అతను చేసిన పనిని మరిచారు. మా కాకాకు జరిగిందీ ఇదే.

కాబట్టి కాకా చేసింది కూడా రాసి పెడుతున్నాం. మా పేర్లు ఒకటికొకటి కలిపేసేవాడు, కానీ తీజ్ పండుగకు నగారా పట్టుకుంటే దెబ్బ తప్పేది కాదు. కోపం వచ్చిన గంటకు వచ్చి మా పక్కన కూర్చునేవాడు. కాకీ రోజూ ఒకే వేళకు లేపి, ఒకే దారిన నడిపించి, ఒకే చోట మేకలు కట్టించేది. కొన్నాళ్లకు మేకల పని మొత్తం తనే చూసుకున్నాడు. ఆస్పత్రి భాషలో దీన్ని పునరావాసం అంటారట. ఆ పని చేయడానికి కాకీ కూలి మానుకుంది. ఆమె పోగొట్టుకున్న కూలిని ఏ ప్రభుత్వమూ లెక్కించలేదు.

మేం అడిగేవి ఇవి. తలకు దెబ్బ తగిలిన మనిషిని ఇంటికి పంపేముందు రాబోయేది ఏమిటో ఇంటివాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. మాట, నడక, రోజువారీ పని మళ్లీ నేర్పేవాళ్లు ఏరియా ఆస్పత్రుల్లో ఉండాలి. చట్టంలో ఈ గాయానికి దాని పేరు ఉండాలి. చూసుకునే మనిషికి భృతి ఇవ్వాలి. కార్డు లేని కూలీని స్లాబు ఎక్కించిన వాళ్ల మీద కేసు పెట్టాలి.

తండా బిడ్డలకూ ఒక మాట. రేపు పొద్దున పనికి పోయే మీ అన్ననో, అక్కనో కార్డు ఉందా అని ఈ రాత్రే అడగండి. లేకపోతే ముందు అది రాయించండి, తర్వాతే పని.