స్కోరెంతే?

ఆవకాయ ముక్కలు కొడుతున్న చప్పుడు వింటే చాలు, నాకు షార్జా గుర్తొస్తుంది. నవ్వకండి.

1998 ఏప్రిల్ 24. ఇంటర్ పరీక్షలైపోయి అమలాపురంలో ఇంట్లోనే ఉన్నాను. ఆస్ట్రేలియాతో ఫైనలు, 273 కొట్టాలి. సచిన్‌కి ఆ రోజే పాతికేళ్ళు నిండాయి. బాబాయిలు, అన్నయ్యలు, వీధిలో కుర్రాళ్ళు హాలు నిండా ఉన్నారు. అమ్మా పిన్నీ వంటింట్లో కొత్తపల్లి కొబ్బరి ముక్కలకి జీడి తీసి గుడ్డతో తుడుస్తున్నారు. నేను గుమ్మంలో నుంచున్నాను, అటూ కాదు ఇటూ కాదు.

"స్కోరెంతే?" అని అమ్మ అడిగేది. నేను చెప్పేదాన్ని. సచిన్ 134 కొట్టాడు, గెలిచాం. ఇల్లు ఎగిరిపోయింది. "పుట్టినరోజు నాడు తల్లికి దూరంగా ఉన్నాడు పాపం" అంది అమ్మ, చేతులు తుడుచుకుంటూ.

ఆడవాళ్ళకి క్రికెట్ పట్టదని ఇప్పటికీ అంటారు. పట్టక కాదండీ, కూర్చోనిస్తేగా! అయినా మగవాళ్ళనే అనడమెందుకు? ఇన్నేళ్ళూ ఐపీఎల్ వస్తే నేనూ బజ్జీల మూకుడు దగ్గరే నిలబడ్డాను. ఎవరూ నిలబడమనలేదు. కూర్చోమనీ అనలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పే.

2025 నవంబరు 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాతో ప్రపంచకప్ ఫైనలు ఆడుతుంటే, ఈ రాత్రి పొయ్యి ముట్టనని ముందే చెప్పేశాను. అమ్మని సోఫా మధ్యలో కూర్చోబెట్టాను. కడప జిల్లా పిల్ల శ్రీచరణి బంతి అందుకున్నప్పుడల్లా "మన పిల్లేనా?" అని అడుగుతూనే ఉంది. పోపు చిటపటల్లోంచి మా ఆయన కేకేశారు, "స్కోరెంత?" అని.

"చెప్పవే, పాపం" అంది అమ్మ, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.