ఫోనొచ్చింది సరే, చదువు ఎవరికొచ్చింది?

ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరో పోస్తే దోసిలి పట్టి తాగిన రోజులు మన పెద్దోళ్లకి ఇంకా గుర్తే. ఇప్పుడు చదువు ఫోనులోకి, ట్యాబ్‌లోకి, తరగతి గోడమీది తెరలోకి వచ్చింది. దీన్ని మనం కాదనకూడదు. కాని మళ్లీ దోసిలి పట్టే బతుకూ వద్దు.

2020లో కరోనాకి బడులు మూసి, పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో, ఫోన్లలో చెప్పారు. మన శృంగవరపుకోట చుట్టుపట్ల పేటల్లో ఇంటికొక ఫోనుంటే అది నాన్నతోపాటే పనిలోకి పోతాది. ఇంట్లో ఉన్నా ముందు గుంటడికి, తర్వాతే ఆడగుంటకి. రోగిని డోలీ కట్టి దించుకొచ్చే దారపర్తి కొండ ఊళ్ల సంగతి చెప్పేదేముంది?

ఆ ఏడాది జూన్‌లోనే కేరళలో తొమ్మిదో తరగతి చదివే దళిత పిల్ల ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడై, పాఠం అందలేదని కుమిలిపోయింది. ఆ తర్వాత అక్కడ గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో టీవీలు పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టారు. పాఠాలు మొదలెట్టక ముందే పూర్తి కావాల్సిన పని అది.

మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో సర్కారు బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లిచ్చారు. పాఠాలు అందులోనే ఎక్కించారు. మంచిదే. కాని ఆ పాఠాలు బైజూస్ కంపెనీవి. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా కేసు మొదలైంది. పాఠం కంపెనీ సొత్తయితే మన పిల్లల చదువు దాని లాభనష్టాలకి తాకట్టు పెట్టినట్టే.

యంత్రమూ మాస్టారూ కలిస్తే మేలు జరుగుతుందనడానికి సాక్ష్యం ఉంది. 1982లో పెట్టిన, హైదరాబాదులోని సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. అది పుస్తకాలిచ్చింది, రేడియోలో పాఠం చెప్పింది, స్టడీ సెంటర్లో తరగతి నడిపింది. ఇంటరు లేనోళ్లనీ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. అక్కడ రేడియో మాస్టార్ని తీసెయ్యలేదు, ఆయన మాటని కూలోడి గుమ్మందాకా మోసుకొచ్చింది.

అందుకే అడుగుదాం:

బడిలోని తెర, కంప్యూటరు సాయంత్రం రెండు గంటలు మన పిల్లలకి తెరిచుండాలి.

మాలపేట, మాదిగపేట, రెల్లి వీధి, కొండ గూడెం, ప్రతిచోటా ఒక చదువుల గది కావాలి. అందులో కరెంటు, నెట్టు, జీతమిచ్చి పెట్టిన చదువుకున్న మనిషి ఉండాలి. ఆడపిల్లల వంతు ముందు.

పాఠాలు ప్రభుత్వమే తయారుచేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలి. ట్యాబ్ చూపించి మాస్టారి పోస్టు ఎత్తేస్తే ఊరుకోవద్దు.

సంఘం కార్యకర్తలారా, ఈ నెల పేట మీటింగులో ఒక లెక్క తీయండి. పిల్లలెందరు, ఫోన్లెన్ని, సాయంత్రం అవి ఎవరి చేతిలో ఉంటున్నాయి? ఆ కాగితం పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి, ఎంఈవో దగ్గరికి అందరం కలిసే వెళ్దాం.

జై భీమ్!