ఇంటిమాట : కళాశాలకు పోవు బిడ్డ



ఈ మాసము మన విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో కళాశాలకు పోయివచ్చు పిల్లల దినచర్యను గూర్చి వ్రాయదలచితిని. అచ్చటి పాఠములను గూర్చి చెప్పుటకు ఉపన్యాసకులు కలరు. వారి తిండి, నిద్ర, దీపము, ఇంటిపని - ఇవి మన చేతిలోని సంగతులు. కావున వానినే ముచ్చటించెదను.

విజయనగరము మహారాజావారి కళాశాల 1857 లో పాఠశాలగా పుట్టి, 1879 లో కళాశాల యయ్యెను. 1919 లో సంగీత కళాశాలయు వెలసెను. దానికి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. చదువునకై ఎక్కడెక్కడి పల్లెలనుండియో పిల్లలు ఈ యూరు చేరెడివారు. రాజుగారు బడి కట్టించిరి, నిజమే. కాని ఆ పిల్లల కడుపు నింపిన వారెవరు? సోమవారమొక యింట, మంగళవారమొక యింట, ఇట్లు ఏడిండ్లు కుదుర్చుకొని తిని చదువుకొనుటను వారములు చేసికొనుట యనెడివారు. ఏడిండ్లు కుదరనివారు జోలె భుజమునకు తగిలించుకొని మధుకరమునకు బయలుదేరెడివారు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీతము నేర్చుకొనుచు ఇక్కడ మధుకరము చేసినవారే. పట్రాయని సీతారామశాస్త్రిగారు వారికి విద్యయు, ఆశ్రయమును ఇచ్చిరి. జోలెలో అన్నము పెట్టిన తల్లుల పేర్లు మాత్రము మనకు తెలియవు. కట్టడము మీద కట్టించినవారి పేరుండును గాని, వండిపెట్టినవారి పేరు చెక్కు ఆచారము ఎచ్చటను లేదు గదా!

తన పిల్లలకే చాలీచాలని యింట, వారమునకొకనాడు పరాయిబిడ్డకు విస్తరి వేసి, "నాయనా, ఇంకొంచెము పెట్టనా?" యని అడుగుట సామాన్యమైన పని కాదు. ఆ యిల్లాండ్రలో పెక్కుమందికి అక్షరము రాదు. అయినను చదువుకొను బిడ్డ ఆకలితో కూర్చుండరాదని వారికి తెలియును.

అయితే ఆ విస్తరి ముందు కూర్చున్నవారందరును మగపిల్లలు. అదే కాలమున ఆడపిల్లల గతి యెట్లుండెను? గురజాడ అప్పారావుగారు ఆ కళాశాలలోనే చదివి, 1886 లో బి.ఏ. ప్యాసయి, అక్కడనే పాఠములు చెప్పిరి. వారి కన్యాశుల్కము మొదటి కూర్పు 1897 లో అచ్చయ్యెను. దాని పీఠికలో ఒక లెక్క యున్నది. మహారాజావారు నాటి విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములందలి శుల్క వివాహములను లెక్కింపజేయగా, మూడేండ్లలో 1034 తేలెనట. వధువులలో ముగ్గురు ఏడాది పసికూనలు! ఇదివరకు చదివినవారు మరల చదువుడు. ప్రతి సారియు నాకు కంట నీరు తిరుగును.

నేడు ఆ విజయనగరము కోటలోనే మహారాజా మహిళా కళాశాల నడచుచున్నది. పుస్తకములసంచి తగిలించుకొని కోటగుమ్మము దాటిపోవు పిల్లలను చూచుట నాకొక పండుగ. కాని ఆ పిల్లలు తెల్లవారుజామున ఎప్పుడు లేచిరో, ఏమి తినివచ్చిరో విచారింతము.

మా యెరుకలో నొక చిన్నది కలదు. గజపతినగరము వైపు పల్లె. నాలుగున్నరకు లేచి నీరు పట్టి, వాకిలి యూడ్చి, తమ్మునికి క్యారేజీ కట్టి, తాను గ్లాసెడు చోడి అంబలి త్రాగి ఏడు గంటల బస్సు పట్టుకొనును. సాయంకాలము ఇల్లు చేరునప్పటికి దీపాలవేళ యగును. అప్పుడు అంట్లు. తరువాత వంటకు సాయము. పుస్తకము విప్పునప్పటికి ఇంటిల్లపాదియు టీవీ ముందుందురు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు మొదలగు ఆర్టీసీ బస్సులలో ఉచితముగా పోవు సదుపాయము ఏర్పడెను. డబ్బు బాధ కొంత తగ్గినది, సంతోషము. కాని ప్రయాణములో పోవు రెండు మూడు గంటలు ప్రభుత్వమియ్యలేదు. అవి ఇంటివారే యియ్యవలెను.

"సైన్సు చదువు కాదు, ఇంజనీరింగు కాదు, బి.ఏ. యే గదా! ఆ మాత్రమునకు అంత చదువవలయునా?" అని పెద్దలనుట నేను విన్నాను. ఈ మాట నాకు బొత్తిగా గిట్టదు. గురజాడవారు బి.ఏ. లో చదివినది ప్రధానముగా తత్త్వశాస్త్రము, దానికి తోడు సంస్కృతము. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి చదువు పిల్ల, గ్రామసభలో పద్దు చదివి ప్రశ్నింపగలదు. బి.ఎడ్. చేసి బడిపంతులమ్మ కావచ్చును, న్యాయవాది కావచ్చును, గ్రూపు పరీక్షలు వ్రాయవచ్చును. పూర్వము మూడు విషయములు సమానముగా చదివెడివారు. 2023 లో మన రాష్ట్రమున ఒక ప్రధాన విషయము, ఒక ఉపవిషయము అను పద్ధతి వచ్చినది. కావున చేరునాడే అమ్మాయి మనసు కనుగొని విషయము నిర్ణయింపవలెను. స్నేహితురాలు చేరినదని చేర్చుట, సీటు దొరికినదని చేర్చుట, తరువాత విచారించుట తగదు.

ఇంకొక సంగతి. రెండవ సంవత్సరము నడుచుచుండగా సంబంధము వచ్చును. "మంచి సంబంధము, మరల దొరకదు, చదువు అత్తవారింటికి పోయి పూర్తిచేయునులే" అందురు. పూర్తిచేసినవారు లేకపోలేదు, కాని నాకు తెలిసినంతలో తక్కువ. అటువంటప్పుడు వరుని వారిని ఒక్క ప్రశ్న అడుగుడు: పరీక్షలైన పిదప ముహూర్తము పెట్టుకొందురా? అన్నిటికిని సరేయని, దీనికి మాత్రము తల యూపనివారు, పెండ్లియైన పిదప పుస్తకము పట్టనిత్తురా?

ఇక ఇంటిలో ఏర్పాటులు. పైడితల్లమ్మవారి సిరిమానునకు చుట్టములు వచ్చెదరు, రావలసినదే. కాని పరీక్ష దగ్గరపడిన పిల్లచేత పదిమందికి కాఫీలు మోయింపకుడు. సెల్‌ఫోను చేతిలో చూడగానే కసరకుడు. పాఠములు అందులోనే వచ్చుచున్నవి, కొంచెము సేపు ప్రక్కన కూర్చుండి చూడుడు. పెందలకడ పోవు పిల్లకు అంబలి ఒక్కటే చాలదు. ఒక గ్రుడ్డో, గుప్పెడు వేరుసెనగలో, నాలుగు నువ్వుండలో డబ్బాలో పెట్టుడు. రాత్రి భోజనమైన తరువాత రెండు గంటలు ఆమెను ఎవరును పిలువరాదని ఇంటిలో చెప్పియుంచుడు. అంట్లు తమ్ముడు తోమవచ్చును. వానికిని రెండు చేతులున్నవి. మొదటి నాడు గిన్నెకు మసి మిగులును, మూకుడు జిడ్డుగనే యుండును; మరునాడు మరల వానికే ఇండు.