మనవాళ్ళుండగా హోటలేమిటి?

ఈమధ్య ఒక సదస్సులో యాత్రాసాహిత్యం మీద మాట్లాడుతున్న ఒక పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టి, మా వరసల వైపు చూశారు. "ఇన్ని వేలమంది మన ఆడపిల్లలు విదేశాల్లో చదువుకుంటున్నారు కదమ్మా, ఒక్కరూ ఒక యాత్రాచరిత్ర రాయరేం? మీకు కుతూహలం తక్కువా?" అన్నారు. సభ నవ్వింది. నవ్విన వాళ్ళలో సగంమంది ఆడవాళ్ళే. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

కుతూహలం సంగతి ముందు తేల్చేద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు కూడా గడవకముందే పోతం జానకమ్మ సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళింది. చూసింది తెలుగులో రాసింది. అది ఇంగ్లీషులోకి కూడా వచ్చి 1876లో మద్రాసులో పుస్తకమైంది. నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' మన పెద్దాయన చదివే ఉంటారు, గుర్తు లేకపోవచ్చు. మనకు కుతూహలం తక్కువై కాదు. ఆయన అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ ఆడపిల్లల సెలవులు ఎవరి చేతిలో ఉన్నాయి?

నేను ఉత్తర ఇంగ్లండులో పిహెచ్.డి. చేశాను. మొదటి డిసెంబరులో హాస్టలు ఖాళీ అవుతుండగా రెడింగ్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. నేను యార్క్‌లో నాలుగు రోజులు చవక హాస్టల్లో ఉండి రావాలనుకుంటున్నానని చెప్పాను. "మనవాళ్ళుండగా హోటలేమిటే? పిచ్చి వేషాలు వెయ్యక వచ్చెయ్" అన్నాడు. అప్పటికే మా అమ్మకీ చెప్పేశాడు. డిసెంబరు 25న ఆ దేశంలో రైళ్ళు నడవవు కాబట్టి రెండు రోజుల ముందే కింగ్స్ క్రాస్‌లో దిగి, పాడింగ్టన్‌లో మారి, రెడింగ్ చేరాను. సూట్‌కేసు లోపల పెట్టగానే చిన్నపిల్లని నా చంకకెక్కించారు.

పండగ రోజున పన్నెండుమంది భోజనానికొచ్చారు. వదినా నేనూ పొద్దున ఆరింటికి మొదలుపెట్టి రాత్రి పదకొండింటికి గిన్నెలు ముగించాం. మరో కజిన్ కూడా సెలవులకు వచ్చాడు. మాంచెస్టర్లో ఎమ్మెస్సీ చేస్తున్నాడు, నాకన్నా ఆరేళ్ళు చిన్న. అన్నయ్య వాణ్ణి స్టోన్‌హెంజ్ తీసుకెళ్ళాడు, బాత్ తీసుకెళ్ళాడు. కారులో పిల్లల సీట్లు రెండు పోగా మిగిలిన చోటు వాడిది. "నీకు మళ్ళీ చూపిస్తాంలే" అన్నారు నాతో. వాడు తిరిగొచ్చి కాళ్ళు చాపుకుని ఫొటోలు చూపిస్తుంటే, నేను ఇడ్లీరుబ్బు చేత్తో కలుపుతూ చూశాను.

ఇదంతా ఆప్యాయత కాదా అంటారు. అవును, ఆప్యాయతే. వెళ్ళేటప్పుడు వదిన గోంగూర పచ్చడి సీసా నా స్వెట్టర్లలో చుట్టి పెట్టింది. జనవరంతా అదే తిన్నాను. కానీ ఆ ఆప్యాయతకు వంతులున్నాయి. వాడి వంతుకు కారు, నా వంతుకు స్టవ్వు వచ్చాయి.

"మరి చేయించుకుంది ఆడదే కదా" అనేవాళ్ళు తయారుగా ఉంటారని తెలుసు. వదిన సంగతి కూడా చెప్తాను. ఆమె ఎం.సి.ఏ. చదివింది. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసుకునే హక్కు ఆమెకుంది. కానీ ఇద్దరు పిల్లల నర్సరీ ఖర్చు ఆమెకొచ్చే జీతాన్ని మించిపోతుందని ఇంట్లో లెక్క తేల్చారు. ఆ ఖర్చుని ఆమె జీతంలోంచే ఎందుకు తీసివేశారో, మొగుడి జీతంలోంచి ఎందుకు తీసివేయలేదో నాకిప్పటికీ బోధపడలేదు. లెక్కల్లో నేను మొదట్నుంచీ మొద్దునే. ఏడేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న ఆ మనిషి గంట ప్రయాణంలో ఉన్న బాత్ చూడలేదు. సెలవు లేని మనిషి దగ్గరికి సెలవులకని నన్ను పంపారు. ఆమె నన్నేం దోపిడీ చేస్తుంది?

నేనప్పుడు షార్లెట్ బ్రాంటీ 'విలెట్' మీద ఒక అధ్యాయం రాస్తున్నాను. బ్రాంటీ కూడా విదేశంలో చదువుకున్న పిల్లే. 1842లో చెల్లెలు ఎమిలీతో కలిసి బ్రస్సెల్స్ వెళ్ళింది, 1843లో ఒంటరిగా మళ్ళీ వెళ్ళింది. ఆ ఏడాది వేసవి సెలవుల్లో అందరూ ఇళ్ళకు పోతే ఆ బడిలో దాదాపు ఒంటరిగా మిగిలి, వీధులన్నీ తిరిగి, ప్రొటెస్టెంటు పాస్టరు కూతురై ఉండి కూడా సెంట్ గుడుల్ చర్చిలో కథోలిక ఫాదరు ముందు పాపనివేదన చేసుకుంది. పదేళ్ళ తర్వాత అదే నవలలో 'దీర్ఘ సెలవులు' అనే అధ్యాయమైంది. నేను చదివిన విమర్శలో ఎక్కువభాగం ఆ అధ్యాయంలోని ఒంటరితనం గురించీ, కథానాయిక లూసీ మానసిక స్థితి గురించీ మాట్లాడుతుంది. కానీ లూసీ కుప్పకూలడానికి ముందు ఏంచేసిందో చూడండి. ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని ఒక వికలాంగ బాలికను ఆమెకు అప్పజెప్పి పోయారు. వారాల తరబడి ఆమె ఆ పిల్లకు తినిపించింది, శుభ్రం చేసింది, కాపలా కాసింది. ఆ సెలవుల్లో ఒంటరితనం కన్నా ముందు చాకిరీ ఉంది. నాకిది లైబ్రరీలో తట్టలేదు, రెడింగ్‌లో తట్టింది. కాబట్టి ఆ ఇంటికి నేను కొంత రుణపడి ఉన్నాను, ఒప్పుకుంటాను.

రెండో ఏడు ఈస్టరుకి వదినకు మూడో కాన్పు. వాళ్ళమ్మకు వీసా రాలేదు. మనలో తల్లులు విదేశాలు చూసేది ఎక్కువగా పురుళ్ళు పొయ్యడానికే కదా, ఆ దారి కూడా మూసుకుపోయింది. "సెలవులేగా, నువ్వు ఖాళీయేగా" అన్నారు మావాళ్ళు. పరిశోధనకు ఈస్టరు సెలవుండదని ఎంత చెప్పినా వాళ్ళకెక్కలేదు. మాంచెస్టరు కజిన్ని ఎవరూ అడగలేదు. అయిదు వారాలున్నాను. పచ్చి బాలింతరాల్ని వదిలి రాలేకపోయాను. ఇప్పుడైనా అంతే చేస్తానేమో, ఇక్కడే నా వాదం కుంటుతుంది. అధ్యాయం ఆలస్యమైంది. గైడుకు మాత్రం నాకు జబ్బు చేసిందని రాశాను. జబ్బంటే యూనివర్సిటీకి అర్థమవుతుంది. వదిన పురుడంటే కారణంగా లెక్కకు రాదని భయం.

ఆ తర్వాతి ఆగస్టులో బ్రస్సెల్స్ వెళ్ళాను. షెంగెన్ వీసాకి బ్యాంకు కాగితాలడిగారు, యూనివర్సిటీ ఉత్తరం అడిగారు, హోటల్ బుకింగ్ అడిగారు. నాతో ఎవరొస్తున్నారని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నా అడుగుతారని తెలిసి ఇంట్లో చెప్పలేదు, కాన్ఫరెన్సు అన్నాను. బ్రాంటీ చదివిన బడి ఇప్పుడు లేదు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కొట్టేశారు. ఆ ప్రాంతంలో ఒక పెద్ద కళామందిరం ఉంది. సెంట్ గుడుల్‌లో గంటసేపు కూర్చుని, బయటికొచ్చి పొట్లంలో బంగాళాదుంప వేపుడు కొనుక్కుని నడుస్తూ తిన్నాను. నాలుగు రోజులు ఎవరికీ వండలేదు.

విషయం ఎలాగో బయటపడింది. చూసిన సంబంధం వాళ్ళు "అమ్మాయి యూరపంతా ఒక్కతే తిరుగుతుందట" అని వెనక్కి తగ్గారు. దానికి నేను బాధపడలేదు. నాన్న మూడు నెలలు మాట్లాడలేదు, దానికి పడ్డాను. అందరూ ఎందుకెళ్ళావనే అడిగారు. ఏం చూశావని అడిగింది వదినొక్కతే. ఫోను స్పీకర్లో పెట్టుకుని, మధ్యమధ్య మిక్సీ ఆపుతూ, గంటసేపు విన్నది.

పెద్దాయన ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. యాత్రాచరిత్ర రాయాలంటే ఫలానా రోజున ఫలానా చోట ఉన్నానని పేరు పెట్టి చెప్పగలగాలి. మేం తిరగలేదని ఆయనెలా అనుకున్నారు? తిరిగాం. టిక్కెట్లు చింపేసి, ఫొటోలు దాచేసి, కాన్ఫరెన్సులని చెప్పి తిరిగాం. సత్యవతిగారి 'ఇల్లలకగానే...' కథలో ఇల్లాలు తన పేరే మరిచిపోయి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. మాకు మా పేర్లు గుర్తున్నాయి. తిరిగిన ఊళ్ళ పేర్లే పైకి చెప్పలేం.

ఇక మన మాట. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది కూతుళ్ళు ఇప్పుడు డాలస్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్నారు. "సెలవులకు మా చెల్లెలింటికి వెళ్తుంది, నాకు దిగులు లేదు" అని స్టాఫ్‌రూముల్లో మనం అనుకుంటున్న మాటలే ఇవి. ఆ దిగులు లేకపోవడానికి ఖరీదు ఎవరు కడుతున్నారో అడగం. నేను మినహాయింపేం కాదు. పోయిన నెల నా దగ్గర ఎం.ఏ. చేసిన అమ్మాయి బర్మింగ్‌హామ్ వెళ్తోందని వాళ్ళమ్మ ఫోన్ చేస్తే, "ఏం ఫర్వాలేదండీ, రెడింగ్‌లో మా అన్నయ్య వాళ్ళున్నారు, సెలవులకు అక్కడికి వెళ్ళొచ్చు" అని నా నోటితో నేనే అన్నాను. మూడో పిల్లకిప్పుడు స్కూలు దాటాక ఎవరో ఒకరు కావాలని కూడా నాకు తెలుసు.

రెండు రోజులు ఆగి ఆ అమ్మాయికే ఫోన్ చేశాను. ఇరవైఆరు దాటినా ఫుల్‌టైమ్ విద్యార్థులకు రైల్‌కార్డు ఇస్తారనీ, టిక్కెట్టులో మూడోవంతు తగ్గుతుందనీ చెప్పాను. యార్క్‌లో నేను దిగాలనుకున్న హాస్టల్ పేరు చెప్పాను. వదిన నంబరు కూడా ఇచ్చాను, కానీ బాత్ వెళ్ళే రోజు పొద్దున చెయ్యమన్నాను, వస్తారా అని అడగడానికి.